తీసేసిన బెంగ

"మీ ఇంట్లో ఎవరు పోయారు?"

టౌను ఆసుపత్రిలో గుండె డాక్టరు అడిగిన మొదటి మాట అది.

సుంకన్న పెళ్ళాం ముఖం చూశాడు. నారమ్మ గోడ మీది బల్లిని చూస్తోంది.

"ఎవురూ పోలేదు సార్," అన్నాడు సుంకన్న.

"దగ్గరివాళ్ళు? కూతురు, అల్లుడు?"

"సల్లంగుండారు సార్. మొన్న మొన్ననే వచ్చి పోయిరి."

డాక్టరు తెర మీది బొమ్మను వాళ్ళవైపు తిప్పాడు. నారమ్మ గుండె అది. పైన సన్నంగా, అడుగున కుండలాగా ఉబ్బి, కొట్టుకోవడం చేతకాక వణుకుతోంది.

"రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. ఎక్కడా అడ్డు లేదు. కడుపుకోత పడ్డవాళ్ళకి, కళ్ళెదుట మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకి గుండె ఇట్లా ఉబ్బుతుంది. మందులు రాస్తాను. కానీ ఈమె దుఃఖం ఏమిటో నువ్వు కనుక్కో. మళ్ళీ ఒకసారి ఇట్లా వస్తే నా చేతుల్లో ఉండదు."

బయటికొచ్చాక నారమ్మ నవ్వింది. "నాకు దుక్కమేందబ్బా? ఆ సారుకు మతి ల్యా," అంది. అంటూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కళ్ళు కారుతున్న సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు. చెమట తుడుచుకున్నట్టే తుడుచుకుంది.

 సుంకన్న మాటల మనిషి కాడు. చూసే మనిషి.

*

వాళ్ళది గుండ్లేరు. మునక ఊరు. కింద డ్యాము కట్టడం మొదలుపెట్టినప్పుడు, నీళ్ళు ఎంతవరకు వస్తాయో చెప్పడానికి ఆఫీసర్లు వచ్చి ఇళ్ళ గోడల మీద ఎర్రగీత గీసి పోయారు. గీత మాత్రం ఉంది. నీళ్ళు రాలేదు. వచ్చే వానలకు ఖాళీ చేయాలంటారు, వానలు పోతాయి. మళ్ళీ వచ్చే వానలంటారు. ఇంటికి సున్నం కొడదామంటే మునిగేదానికి సున్నమెందుకు? కొట్టకపోతే ఉండేదెట్లా? ఆ ఊరికి పిల్లనిచ్చేవాడు లేడు, ఆ ఊరి నేల కొనేవాడు లేడు. కొట్టడానికి ఎత్తిన కర్ర తలమీద అట్లాగే నిలిచిపోయినట్టు ఊరు బతుకుతోంది.

ఆ నిలిచిపోయిన కర్ర ఒళ్ళను తినేసింది. చక్కగా ఉన్న మనుషులకు షుగరు వచ్చింది, బీపీ వచ్చింది. తిన్నది కడుపులో మండేది. చూలింతలకు నెలలు నిండకుండానే నొప్పులు వచ్చేవి. పరీక్షలన్నీ బాగున్నాయనేవారు డాక్టర్లు.

అట్లాంటి ఊరు కావాలనే వెతుక్కుంటూ వచ్చింది డాక్టర్ కాత్యాయని. డ్యాము ఇంజనీర్లు వదిలేసి పోయిన బంగళాలో సామాన్లు దింపింది. యంత్రాలు, గాజు సీసాలు, నలుగురు మనుషులు, షెడ్డులో కొన్ని మేకలు. రచ్చబండ దగ్గర జనాన్ని కూర్చోబెట్టి చెప్పింది.

"పులి ఎదురైతే ఏం చేస్తారు?"

"పరిగెత్తుతాం," అన్నారు.

"పరిగెత్తడానికి ఒంట్లో ఒక రసం ఊరుతుంది. గుండెను తరుముతుంది, ఆకలిని ఆపుతుంది. పులి పోయాక రసం కూడా పోవాలి. మీ ఊళ్ళో పులి పోవడం లేదు. రోజూ వాకిట్లో కూర్చునే ఉంది. అందుకే మీ ఒళ్ళు మండిపోతోంది."

"పులైతే ఒకన్ని తిని పోతాది గదమ్మా," అన్నాడు ట్రాక్టరు దస్తగిరి. "ఇది అందరినీ నాకుతా కూసుండాది." అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆమె తెచ్చింది మోచేతికి పైన, దండకు కట్టుకునే పట్టీ. అందులో రూపాయంత తెల్లటి బిళ్ళ. చర్మానికి ఆనుకుని ఉండి ఆ రసాన్ని చెమటలోంచి లాగేస్తుంది. మనసులో బెంగ ఉంటే ఉండనీ, ఒళ్ళు దాకా రాకుండా ఆపుతుంది. బిళ్ళ నిండితే చింతపండు రంగుకు తిరుగుతుంది. అప్పుడు తీసి డబ్బాలో వేసి బంగళాకు పంపించాలి, కొత్తది పెట్టుకోవాలి.

పట్టీలు కట్టుకున్న వారానికే ఊరు మారిపోయింది. పెద్దరైతు వీరారెడ్డి బీపీ దిగింది. దస్తగిరి మిరపకాయ బజ్జీలు తినసాగాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఊళ్ళో మనుషులు ఒళ్ళెరగకుండా నిద్రపోయారు.

సుంకన్న, నారమ్మ కట్టుకోలేదు. వాళ్ళ కొట్టం ఊరి బయట, మూడుదావలు కలిసే చోట, ఎర్రగీతకు పైన ఉంది. అతడిది పంచరు అంగడి. ఆమెది పక్కనే ఉగ్గాని, బజ్జీల పొయ్యి. సెంటు నేల లేదు. "మునిగేదానికి మాకేముండాదమ్మా?" అని నారమ్మ పట్టీ వాపసు ఇచ్చేసింది. "నా నవ్వు మునిగితే మునగాల." ఆమె నవ్వితే మూడుదావలకూ వినపడేది.

*

ఆసుపత్రి నుంచి వచ్చాక సుంకన్న పని ఆపి ఆమెనే చూడసాగాడు.

పొద్దున్నే ముగ్గు వేసి లేస్తుంది. లేచినాక కుడిచేతి బొటనవేలిని పిడికిట్లో పెట్టి నలుపుతుంది. పళ్ళు పటపట కొరుకుతుంది. పిండి కలిపేటప్పుడు కడుపు పట్టుకుని వంగిపోతుంది. దావన ఏదైనా మోటారు ఆగితే మోకాళ్ళు వణుకుతాయి, ఎవరో ఏదో చెడ్డమాట మోసుకొచ్చినట్టు. అడిగితే, "ఏమో అబ్బా, నేను చేస్తాండ్లా. అదే అయితాండాది," అంటుంది.

ఒక్కో బెంగకు ఒక్కో వాలకం. ఒక మనిషికి ఇన్ని వాలకాలు ఉండవని సుంకన్నకు తోచింది. కొన్ని ఎక్కడో చూసినట్టే అనిపించాయి.

ఒకరోజు వీరారెడ్డి ఎద్దులబండి టైరుకు గాలి పట్టించుకోవడానికి వచ్చాడు. ఎద్దులు మూడుదావల దగ్గరికి వచ్చి కాళ్ళు నిగడదన్ని నిలబడిపోయాయి. ముల్లుకర్రతో పొడిచినా కదల్లేదు. ముక్కులు ఎగబీల్చి, కళ్ళు తెల్లగా తిప్పి, వెనక్కి తన్నుకున్నాయి.

"ఏందిరా ఇవి, దెయ్యాన్ని జూసినట్ల," అని వీరారెడ్డి నవ్వుతూ దిగి నడిచి వచ్చాడు. దండకు పట్టీ. చేతులు వదులుగా ఊగుతున్నాయి.

సుంకన్న ఆ చేతుల్నే చూశాడు. పంచాయతీల్లో, ఆఫీసర్ల ముందర, ఏళ్ళ తరబడి వీరారెడ్డి కుడిచేతి బొటనవేలిని పిడికిట్లో పెట్టి నలిపేవాడు. పళ్ళు కొరికేవాడు. ఆ నలుపుడు ఇప్పుడతని దగ్గర లేదు.

పొయ్యి దగ్గర నారమ్మ పిడికిట్లో ఉంది.

 కడుపు పట్టుకుని వంగేది దస్తగిరి. మోటారు చప్పుడుకు వణికేది ఓబుళమ్మ మోకాళ్ళు. కొడుకు లారీ తోలుతాడు, ఎక్కడ ఏమవుతాడోనని ఆమెకు ఎప్పుడూ అదే దిగులు. ఊరి మనుషులు వాళ్ళ వాలకాలు విడిచిపెట్టి తిరుగుతున్నారు. అవన్నీ వచ్చి తన పెళ్ళాంలో చేరుకున్నాయి.

*

డాక్టరమ్మ నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు. చేతిలో పట్టుకునే చిన్న పలక ఒకటి తీసుకుని అతని వెంటే వచ్చింది. మనిషి ఊపిరిని బట్టి ఒంట్లో బెంగ ఎంత ఉందో చూపించే యంత్రమట. మూడుదావల దగ్గరికి రాకముందే అది కుయ్యిమని అరవడం మొదలుపెట్టింది. ఇంకా నారమ్మ ముందర పెట్టనేలేదు. ఉత్త గాలికే అరుస్తోంది.

కాత్యాయని పొయ్యి వెనక్కి నడిచింది. అక్కడ అంట్ల నీళ్ళు పోయే గుంత ఉంది. గుంత అంచున ఆమె మోకాళ్ళు వణికి, తడిక పట్టుకుని నిలబడింది.

గుంతలో నిమ్మకాయ చెక్కలు, మిరపకాయలు, ఎర్రన్నం ముద్దలు. వాటి మధ్య తడిసి ఉబ్బిన బిళ్ళలు. చింతపండు రంగువి. కుప్పగా.

"ఇవి ఇక్కడికి ఎట్లా వచ్చాయి?"

"నేనే ఊడిస్తి," అంది నారమ్మ. "జనం దావలో పారేసి పోతాండారు. ఎవురో ఒకరు ఊడ్సాల గదమ్మా."

ఊరి మనుషుల్ని పిలిపించారు. దాచడానికి అందులో ఏముంది? అందరూ చెప్పారు. ఒంట్లోంచి తీసిన చెడు అది. దిష్టి లాంటిది. తీసిన దిష్టిని డబ్బాలో పెట్టి ఇంట్లో దాచుకునేవాడు ఉంటాడా? ఇంకొకరి చేతికి ఇస్తారా? పిల్లలు తిరిగే బంగళాకు పంపిస్తారా? తలచుట్టూ తిప్పి, వెనక్కి చూడకుండా మూడుదావల్లో పారేయాలి. పారేశారు. డాక్టరమ్మ బాధపడుతుందని ఎలుకలు ఎత్తుకుపోయాయనో, వంకలో పడిపోయిందనో చెప్పారు.

"నేను డబ్బాలో వేయమన్నాను కదా!" అంది కాత్యాయని. 

ఊరి ముసలామె తిప్పమ్మ జేజికి కోపం వచ్చింది. "మాకు నేర్పింది నువ్వే గదమ్మా. మేము బెదిరితిమని మొదటి పట్టీ నువ్వే కట్టుకోని సూపిస్తివి. ఒక్క పూటకే నల్లంగా నిండిపాయ. అయ్యో ఆడబిడ్డకు ఎంత దిట్టి తగిలిందో అని నేనే నీకు తిప్పి తీసి దావలో పడేస్తిని. నువ్వు ఒద్దంటివా? నవ్వుతా కూసుంటివి. కండ్లల్లో నీళ్ళు గూడ పెట్టుకుంటివి. డాక్టరమ్మే ఒప్పుకునె, ఇంగ మనదేముండాదని అందరమూ అట్నే చేస్తిమి."

 తిరిగి వచ్చే బిళ్ళలు తగ్గుతున్నాయని కాత్యాయనికి తెలుసు. బీపీలు దిగుతున్నాయి కదా, బిళ్ళలు పోతే పోనీ అనుకుంది. కట్టుకున్నవాళ్ళ ఒళ్ళే చూసింది. తీసిందంతా ఎక్కడికి పోతోందని చూడలేదు.

ఎండలో పడి ఉంటే బిళ్ళలు ఎండి చచ్చిపోయేవి. నారమ్మ రోజూ వాకిలి ఊడ్చి గుంతలోకి తోసింది. పైన అంట్లనీళ్ళు పోసింది. పక్కన పొయ్యి వేడి. తడికి, వెచ్చదనానికి అవి ఊపిరి పోసుకున్నాయి. భయపడిన మనిషి చెమట వాసనకు పక్కవాడి గుండె కూడా అదురుతుంది. గొడ్లకైతే ఇంకా బాగా తెలుస్తుంది. నారమ్మ ఊరందరి భయాన్నీ ముక్కుతో పీల్చుకుంటూ బజ్జీలు వేసింది. సుంకన్న అంగడి గాలికి ఎగువన ఉంది, అతడికి అంటలేదు.

*

గుంత తవ్వి, బిళ్ళలన్నీ మూతలు బిగించిన పీపాల్లో దూరం పంపించారు. నారమ్మను బంగళాకు తెచ్చి మంచం వేశారు. పలక మాత్రం ఆమె ముందు అరుస్తూనే ఉంది. పట్టీ కట్టి చూశారు. బిళ్ళ తెల్లగానే ఉండిపోయింది. ఆమె ఒళ్ళు స్వయంగా ఊరించిన రసం కాదు కాబట్టి దానికి దొరకలేదు. గుండె రోజురోజుకూ ఉబ్బుతోంది.

సుంకన్న షెడ్డులో మేకల దగ్గర కూర్చునేవాడు. అక్కడ జరిగేదంతా చూశాడు. ఒక మేక ముందర కుక్కను నిలబెట్టారు. మేక బెదిరి వణికింది. కుక్కను తీసుకుపోగానే కాసేపటికి ఆకు అందుకుంది. ఆ మేక చెమట అద్దిన గుడ్డను ఇంకొక మేక దగ్గర పెట్టారు. అదీ వణికింది. గుడ్డ తీసేశాక కూడా వణుకుతూనే ఉంది. మేత ముట్టలేదు, పడుకోలేదు. చివరికి కాత్యాయని ఆ కుక్కను తెప్పించి దాని ఎదుట నిలబెట్టింది. మేక కుక్కను చాలాసేపు చూసింది. కుక్కను తీసుకుపోయారు. మేక ఒళ్ళు విదిల్చుకుని ఆకు అందుకుంది.

"భయానికి కారణం కనపడితే, అది పోయిందని ఒంటికి తెలుస్తుంది," అంది కాత్యాయని. "కారణమే తెలియని భయం పోయే దారి తెలియక లోపలే తిరుగుతుంది."

సుంకన్న లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "అంటే నారమ్మకు కుక్కల్ని సూపియ్యాల."

"ఎవరి భయం వాళ్ళు వచ్చి చెప్పాలి. కానీ సుంకన్నా, చెప్పినవాళ్ళకు అది మళ్ళీ తగులుకుంటుంది. బీపీలన్నీ తిరిగి వస్తాయి."

అతడు ఇల్లిల్లూ తిరిగాడు. జీవితంలో అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

"బతికుండే మనిషి దగ్గిర కూసోని శోకాలు పెట్టాల్నా? అపశకునం గదరా!" అంది తిప్పమ్మ జేజి. చావింటికి పోయి మెడ పట్టుకుని, పోయినవాళ్ళ గుణాలన్నీ చెప్పి ఏడవడం ఆడవాళ్ళకు తెలుసు. మగవాళ్ళకు అదీ తెలియదు.

"నాకు యే బెంగా ల్యా," అన్నాడు వీరారెడ్డి.

"నీ బెంగ నా పెండ్లాం మోస్తాండాది రెడ్డీ. అందుకే నీకు ల్యా," అన్నాడు సుంకన్న.

వీరారెడ్డి వచ్చాడు. మంచం పక్కన కుర్చీలో కూర్చుని పేపరు చదివినట్టు చెప్పాడు. నేల పోతుందని దిగులని, పిల్లల సంగతని. నారమ్మ పిడికిలి విడలేదు. కాత్యాయని అతని దండ వైపు చూపించింది. పట్టీ ఇంకా ఉంది. వీరారెడ్డి చాలాసేపు దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత విప్పి కింద పెట్టాడు. పొద్దు వాలింది. ముఖం మీద చెమట పట్టింది. కుడిచేయి దానంతట అదే ముడుచుకుంది.

"మా నాయన సమాధి సేన్లో ఉండాది నారమ్మా. అదీ మునుగుతాది. కలలోకి వస్తాడు. మెడ దాకా నీళ్ళల్లో నిలబడి, రేయ్ వీరా, మంచం పైకెత్తరా, పరుపు తడుస్తాందిరా అంటాడు. నేను గట్టున నిలబడుకోని సూస్తా ఉంటా. దిగలేను. నాకు ఈత రాదు."

అంత మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నారమ్మ అతని ముఖంలోకి చూసింది. "ఓ, అదా," అంది మెల్లగా. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

మర్నాడు దస్తగిరి వచ్చాడు. "ఈ ఊళ్ళో కండ్లు మూసుకోని ట్రాక్టరు తోల్తా అక్కా. ఆ కొత్త కాలనీలో నా ఇంటికి నేనే దావ అడగాల్నేమో అని కడుపులో మంట," అన్నాడు. "నా బజ్జీలు తిని అనుకుంటివా ఇన్ని దినాలు?" అంది నారమ్మ. ఇద్దరూ నవ్వి, ఏడ్చి, మళ్ళీ నవ్వారు. ఓబుళమ్మ మెడ పట్టుకుని లారీ కొడుకు గురించి గంటసేపు శోకం పెట్టింది. పోతూ పోతూ మోకాళ్ళు పట్టుకుని గోడ వెంబడి నడిచింది. అట్లా ఊరు వచ్చింది. కొందరు తిట్టుకుంటూ వచ్చారు. కొందరు పట్టీ విప్పలేక వాకిలి దాకా వచ్చి వెనక్కి పోయారు, మళ్ళీ వచ్చారు. ఊళ్ళో మళ్ళీ దగ్గులూ మూలుగులూ మొదలయ్యాయి. నారమ్మ గుండె కొంచెం కొంచెంగా దిగుతూ వచ్చింది.

ఒక్కటి మాత్రం మిగిలింది.

*

అందరూ పోయాక నారమ్మ ఎడమచేయి మోచేతి దగ్గర వంగేది. ఒడిలో ఏదో ఉన్నట్టు ఒళ్ళు మెల్లగా ఊగేది. నోట్లో రాగం లేని జోల. సుంకన్న ఎదురుగా వచ్చినా ఆమె కళ్ళు కిందికే, ఆ ఖాళీ చేతి మీదికే చూసేవి. పలక అరిచేది. ఆ సమయంలోనే గుండె మళ్ళీ ఉబ్బేది.

ఇది ఊళ్ళో ఎవరి వాలకమో సుంకన్న ఎంత ఆలోచించినా తట్టలేదు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు అందరూ వచ్చి చెప్పి పోయారు. ఆ చేయి దిగలేదు.

నారమ్మకు స్నానం చేయించడానికి వచ్చిన ఓబుళమ్మ ఒకరోజు బయటికి వచ్చి డాక్టరమ్మను పక్కకు పిలిచింది. సుంకన్న అరుగు మీదే ఉన్నాడు. తల పక్కకు తిప్పుకున్నాడు గానీ వినపడింది.

"ఎట్ల చెప్పాల్నో తెలీదమ్మా. నారమ్మక్క ముట్లుడిగి ఎన్నేండ్లాయనో. రైక తడిసిపోతాండాది. పాలు."

కాత్యాయని చేతిలో గాజు సీసా ఉంది. అది పడి పగల్లేదు. దాన్ని మెల్లగా, చాలా జాగ్రత్తగా కిటికీలో పెట్టి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

మర్నాడు ఆమె నారమ్మ గదికి రాలేదు. ఆ పై రోజూ రాలేదు. నారమ్మ పెదవులు నల్లబడ్డాయి. సుంకన్న పోయి తలుపు కొట్టాడు.

ఆమె బల్ల దగ్గర కూర్చుని ఉంది. దండకు పట్టీ.

"ఆ మొదటి బిళ్ళ నాది," అంది. "జేజి తిప్పి పారేసింది నాదే."

సుంకన్న నిలబడే ఉన్నాడు.

"పుట్టిన పదోనాటికి పోయింది నా బిడ్డ. పురిటిస్నానం కాకుండా, పేరు పెట్టకుండా. పేరు లేని బిడ్డకు ఏడవకూడదన్నారు మావాళ్ళు. ఎవరూ ఏడవలేదు. నన్నూ ఏడవనీయలేదు. కానీ పాలు ఆగలేదు సుంకన్నా. బిడ్డ లేదని నా ఒంటికి ఎవరూ చెప్పలేదు. వేళకు వేళ పాలు వచ్చేవి. ఆ ఒంటి నోరు మూయించడానికే ఇదంతా చేశాను." గదినీ యంత్రాల్నీ చూపించింది. "ఇప్పుడు ఎవరి సంగతో పుస్తకంలో చదివినట్టు గుర్తుంది. హాయిగా ఉంది. మళ్ళీ అక్కడికి పొమ్మంటావా?"

 తన పెళ్ళాం బతకాలి. ఆ మాట సుంకన్న నోటిదాకా వచ్చింది. ఎదురుగా ఉన్న మనిషిని చూసి మింగేశాడు.

"నేను బయట కూసుంటా అమ్మా," అన్నాడు.

చాలాసేపు కూర్చున్నాడు. తలుపు తెరుచుకుంది. ఆమె దండ మీద పట్టీ ఉన్న చోట తెల్లటి చార మాత్రం ఉంది. గోడ పట్టుకుని నడుస్తోంది.

నారమ్మ మంచం మీద వంగి ఊగుతోంది. కాత్యాయని పక్కన కూర్చుని నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. రాలేదు. చెప్పడానికి పేరు లేదు, పిలిచిన పిలుపు లేదు.

"ఎట్లా ఉండేదో కూడా నాకు తెలియదు," అంది చివరికి. "గాజు పెట్టెలో పెట్టారు. ఎత్తుకోనివ్వలేదు. పోయాక గుడ్డ చుట్టి తీసుకుపోయారు. నేను ముఖం చూడలేదు. నీకేం చెప్పను నారమ్మా? నాకే తెలియదు."

నారమ్మ ఊగడం ఆపింది. తల ఎత్తి డాక్టరమ్మ వైపు చూసింది. సుంకన్నకు ఆ చూపు తెలుసు. కూతురు పురిటికి వచ్చినప్పుడు చూసిన చూపు.

"నీదామ్మా ఇది?" అంది. "ఎవురిదో, ఎవురిదో అని నేను తిరగలాడతాండా. ఇన్ని దినాలు మోస్తి గదా, నాకు తెలుసు. సిన్న దుత్తకుండంత ఉండాది. బరువే ల్యా. తలకాయ ఇట్ల మోసేతి మీదికి వస్తాది. ఎడంపక్కకే తిరుగుతాది. ఊ అనదు, ఆ అనదు. మంచి బిడ్డ."

కాత్యాయని గొంతులోంచి వచ్చింది మాట కాదు, ఏడుపూ కాదు.

"ఏడుస్తే ఏడువు గానీ, సేతులు సాపు తల్లీ. నాకు నొస్తాండాది. ఇంగ నా వల్ల కాదు. నీ బిడ్డను నువ్వు తీసుకో."

నారమ్మ ఎడమచేతి కింద కుడిచేయి పెట్టి, ఎత్తి, ముందుకు వంగింది. కాత్యాయని చేతులు చాపింది. నారమ్మ ఆ చేతుల్ని సరిచేసింది. మోచేతిని కొంచెం పైకెత్తింది. "తలకాయ పట్టుకో, తలకాయ," అంది. తర్వాత తన చేతులు తీసేసుకుని, దిండు మీద వాలి, పొడుగ్గా ఊపిరి వదిలింది.

నారమ్మ తలాపున పెట్టిన పలక అరవడం ఆపింది. 

నారమ్మ నిద్రపోయింది. పెదవులకు మెల్లగా రంగు వస్తోంది. కాత్యాయని మంచం అంచునే కూర్చుని, ఒడిలోకి చూస్తూ, గుక్క తిప్పుకోకుండా ఏడ్చింది. ఆమె రైక ముందుభాగం తడిసింది. సుంకన్న అరుగు మీదికి వచ్చి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

మూడో రోజు బంగళా ఖాళీ చేశారు. యంత్రాలు, మిగిలిన పట్టీలు లారీకి ఎక్కించారు. మేకల్ని ఊళ్ళోవాళ్ళకు ఇచ్చేశారు. నారమ్మ గోడకు ఆనుకుని గంజి తాగుతూ, "పొయ్యమ్మా, పొయ్యి రా," అంది. డాక్టరమ్మ తల ఊపింది.

జీపు వాకిట్లో నిలబడింది. ఆమె మెట్లు దిగి వచ్చింది. కొంచెం ఎడమవైపుకు వంగి, అడుగు చూసుకుంటూ. తలుపు దగ్గరికి వచ్చి ఆగింది. డ్రైవరు లోపలే కూర్చుని, ఆమె ఎందుకు ఆగిందో అర్థం కాక చూస్తున్నాడు.

సుంకన్నకు అర్థమైంది. ఆమె చేతులు ఖాళీగా లేవు. అతడే పోయి తలుపు తీసి పట్టుకున్నాడు.